సముద్రం దగ్గర వంట ఎవరు చేస్తారు?



"అయ్యగారూ, తక్కువలో సముద్రం చూసి రావాలంటే ఎంతవుతుంది?" అని సంఘంలో ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. ఈ సంక్రాంతి వెళ్ళాక మేము ఐదు కుటుంబాలవాళ్ళం, పిల్లలతో కలిపి 17 మందిమి, బాపట్ల దగ్గర సూర్యలంకకు వెళ్ళి వచ్చాం. ఆ లెక్క ఇక్కడ చెబుతాం. లెక్క వేసేటప్పుడు మా మధ్య వచ్చిన ఒక మాట కూడా చెబుతాం. మాకు లెక్కకంటే ఆ మాటే ముఖ్యం.

మనది పల్నాడు మెట్ట. సముద్రం మనకు మరీ దూరమేమీ కాదు. అయినా అరవై ఏళ్ళు దాటినా సముద్రం చూడనివాళ్ళు మన మందిరంలో ఉన్నారు. పత్తి, మిరప, అప్పులు, పెళ్ళిళ్ళు, ఆసుపత్రులు. వీటి మధ్య విహారయాత్ర అనేది డబ్బున్నవాళ్ళ సంగతి అనుకుని ఊరుకుంటాం.

ముందుగా రోజులు చూసుకున్నాం. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. 1977 నవంబరు 19న దివిసీమను ముంచేసిన ఉప్పెన సంగతి మన పెద్దలకు ఇంకా గుర్తే. పైగా కార్తీకమాసంలో సముద్ర స్నానాలకు వచ్చే జనంతో సూర్యలంక నిండిపోతుంది. ఎండాకాలం వెళ్దామంటే ఇసుక మీద కాలు పెట్టలేం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం కూడా ఉంటుంది. ఇక డిసెంబరంతా మనకు క్రిస్మస్ కూడికలు. అందుకని పండగ జనం తగ్గాక, మిరప కోతలు ఊపందుకోకముందు వచ్చే సోమ, మంగళవారాలు పెట్టుకున్నాం. ఆదివారం ఆరాధనకు లోటు రాదు. శని, ఆదివారాలకంటే లాడ్జి గదులు సులువుగా దొరుకుతాయి. పిల్లలకు రెండు రోజులు బడి పోతుంది కాబట్టి మాస్టార్లకు ముందే సెలవు చీటీలు ఇచ్చాం.

డబ్బు విషయంలో రెండు నియమాలు పెట్టుకున్నాం. ఎవరూ అప్పు చేయకూడదు. సంఘం కానుకల్లో ఒక్క రూపాయి ముట్టకూడదు. నవంబరు మొదటి వారం నుంచి కుటుంబానికి వారానికి 250 చొప్పున పది వారాలు డబ్బాలో వేశాం. కుటుంబానికి 2,500 అయింది, అందరిదీ కలిపి 12,500.

దారి గుంటూరు వెళ్ళి, బస్సు మారి, పొన్నూరు మీదుగా బాపట్ల. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేదు, ఆధార్ కార్డు చూపిస్తే చాలు. మగవాళ్ళకూ మగపిల్లలకూ రానూపోనూ 2,300 అయింది. బాపట్ల నుంచి సూర్యలంక సుమారు 9 కిలోమీటర్లు, ఆటోలకు 1,200. తీరంలోనే పర్యాటక సంస్థవారి రిసార్టు ఉంది కానీ, మా డబ్బుకు తగ్గట్టు ఊళ్ళో లాడ్జిలో నాలుగు గదులు తీసుకున్నాం. అవి 4,000.

తిండి దగ్గరే అసలు చర్చ వచ్చింది. "గ్యాస్ పొయ్యి, గిన్నెలు, బియ్యం తీసుకెళ్దాం. ఆడవాళ్ళు అక్కడే వండేస్తారు, ఖర్చు కలిసొస్తుంది" అన్నారు ఒక సహోదరుడు. అందరూ తలూపారు. అప్పుడు మూలన కూర్చున్న ఒక పెద్దమ్మ నెమ్మదిగా అంది: "అక్కడా నేనే 17 మందికి వండాలంటే, అయ్యగారూ, నన్ను ఇంటి దగ్గరే ఉండనివ్వండి. ఇక్కడైతే ఐదుగురికే."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె కోపంగా అనలేదు, ఉన్న మాటే అంది. మన ఊళ్ళల్లో ఏ యాత్రైనా చవగ్గా అయ్యేది ఇలాగే. తెల్లవారుజామున మూడింటికి లేచి పులిహోర కలిపేది ఒకరు. అక్కడికెళ్ళి గిన్నెలు తోమేది వాళ్ళే. తిరిగొచ్చాక ఇసుక పట్టిన బట్టలు ఉతికేదీ వాళ్ళే. మిగతావాళ్ళ విశ్రాంతికి ఆ ఖర్చు వాళ్ళ ఒంట్లోంచి పోతుంది, మన పుస్తకంలో ఎక్కదు.

అందుకని ఈసారి పుస్తకంలో ఎక్కించాం. మేమే వండుకుంటే సరుకులకు 1,700 సరిపోయేది. మెస్‌లో నాలుగు పూటలు తింటే 4,700. తేడా 3,000. ఐదు కుటుంబాలకు పంచితే 600, వారానికి 60 రూపాయలు. ఇంటి ఆడమనిషికి రెండు రోజులు పొయ్యి ముఖం చూడని విశ్రాంతి ఖరీదు వారానికి అరవై. ఆ మాట అన్నాక మెస్‌కే అందరూ ఒప్పుకున్నారు. వెంట తీసుకెళ్ళినవి పండగకు చేసిన జంతికలు, చెక్కలు మాత్రమే. మిగిలిన 300 పిల్లల చిరుతిళ్ళకు పోయాయి.

యోహాను సువార్త 21వ అధ్యాయం చాలాసార్లు చదివి ఉంటారు. రాత్రంతా వలలు వేసి అలసిపోయి ఒడ్డుకు వచ్చిన శిష్యులకు అక్కడ నిప్పులు, వాటి మీద చేప, రొట్టె కనబడ్డాయి. తిరిగి లేచిన ప్రభువే పొయ్యి రాజేసి ఉంచి, వచ్చి తినమని పిలిచాడు. ఆ ఒడ్డున పని చేసినవాడు ఆయన, కూర్చున్నవాళ్ళు అలసినవాళ్ళు. మనం సముద్రానికి వెళ్ళేటప్పుడు ఆ వరుస తలకిందులు కాకుండా చూసుకుంటే చాలు.

ఇంకొక జాగ్రత్త. ఈ తీరంలో మునిగిపోయిన కుర్రవాళ్ళ వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. ఒడ్డుకు వచ్చిన నీళ్ళు కొన్నిచోట్ల సన్నని పాయగా వేగంగా లోపలికి వెనక్కి వెళ్తాయి. అలలు విరగకుండా ప్రశాంతంగా కనబడే చోటే చాలాసార్లు ఆ పాయ ఉంటుంది. అందులో చిక్కినవాళ్ళు ఒడ్డువైపే ఈదాలని చూస్తే అలసిపోతారు. కంగారు పడకుండా తేలుతూ, ఒడ్డు వెంబడి పక్కకు ఈది, పాయ దాటాక బయటికి రావాలి. మేమైతే మోకాలి లోతు దాటకూడదనుకున్నాం. ఆరుగురు పిల్లలకు ముగ్గురు మగవాళ్ళు కాపలా, చేతిలో ఫోన్ లేకుండా.

సోమవారం సాయంత్రం ఆ పెద్దమ్మ తడి ఇసుక మీద, పాదాలకు నీళ్ళు తగిలేలా కూర్చుంది. గంటసేపు ఎవరూ ఆమెను పిలవలేదు. పిల్లలకు నీళ్ళు పోసి, బట్టలు మార్చి, జంతికలు పంచింది మగవాళ్ళే. లేచేటప్పుడు "ఇంత నీళ్ళా!" అంది, అంతే.

మీరూ వెళ్ళండి. పది వారాల ముందే డబ్బా పెట్టుకోండి. ఎక్కడికి, ఎంతకు అని అడిగే ముందు, మన ఇంట్లో అందరికంటే ఎక్కువ అలసిన మనిషి ఎవరో అడగండి. ఆ మనిషి కూర్చోగలిగేలా మిగతా ఏర్పాట్లన్నీ చూసుకోండి.

ప్రభువు మీ కుటుంబాలకు నిజమైన విశ్రాంతి దయచేయును గాక. ఆమేన్.