కలిపి ఉంచడమా, విడదీయడమా?

కోడ్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ మార్పు చేశారో నమోదు చేసి భద్రపరిచే భాండాగారాన్ని రిపాజిటరీ అంటారు. పలు మాడ్యూళ్లున్న ప్రాజెక్టును ఒకే రిపాజిటరీలో ఉంచాలా, విడదీయాలా అన్న ప్రశ్నకు 2005 డిసెంబరులో ఎక్స్.ఆర్గ్ అనే సంస్థ రెండు జవాబులూ ఒకేసారి ఇచ్చింది: యూనిక్స్ తరహా వ్యవస్థల్లో తెరపై విండోలను చూపే ఒకే కోడ్‌ను ఎక్స్11ఆర్6.9 పేరుతో ఏకఖండంగానూ, ఎక్స్11ఆర్7.0 పేరుతో విడి మాడ్యూళ్లుగానూ విడుదల చేసింది. విడదీశాక ఒక డ్రైవర్‌లోని లోపాన్ని సవరించడానికి మొత్తాన్నీ మళ్లీ విడుదల చేయనక్కరలేదు గానీ, ఏ మాడ్యూల్ ఏ వెర్షన్‌తో పొసగుతుందో చూసుకునే భారం కొత్తగా మీదపడుతుంది. ఆండ్రాయిడ్‌లో ఈ భారాన్ని, వందలాది గిట్ రిపాజిటరీలను పేర్కొనే మ్యానిఫెస్ట్ అనే జాబితా మోస్తుంది. కలిసి మారే భాగాలను విడదీస్తే చాకిరీ పెరుగుతుంది కనుక, ఏవి కలిసి మారుతున్నాయో తెలుసుకోవడానికి విభజనకు ముందు మార్పుల చరిత్రను చదవడమే వివేకం.