రాతి సందులో డబ్బా

హైదరాబాదు నగరానికి పడమటి దిక్కున, ఇంకా డైనమైటు పాలుగాక మిగిలిన గుట్టలలో ఒకదాని పాదాన ఒక కాలనీ ఉన్నది. అందులో ఇరవై ఏళ్ళుగా కాపురముంటున్న ముగ్గురు పాత స్నేహితులలో ఏ ఒక్కరూ ఆ గుట్ట ఎక్కి ఎరుగరు. వర్షాకాలంలో అది పచ్చగా ఉంటుందనీ, వేసవిలో మసిపట్టిన బాణలి రంగుకు తిరుగుతుందనీ వారికి తెలుసు. అంతకుమించి తెలుసుకోవలసిన అవసరం ఎవరికీ కలుగలేదు. దూరపు కొండలు నునుపు అన్నారే గాని, దగ్గరి కొండలు అసలు కంటికే ఆనవని పెద్దలెవరూ చెప్పినట్లు లేదు.

వారిని గుట్ట ఎక్కించినవాడు నాలుగో స్నేహితుడు. అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో పన్నెండేళ్ళు ఇంజనీరుగా పనిచేసి, వృద్ధులైన తల్లిదండ్రులను చూచుకోవడానికి తిరిగివచ్చిన మనిషి. సంక్రాంతికి ముందటి ఆదివారం తెల్లవారుజామున మిగిలిన ముగ్గురికీ ఫోను చేసి, "మీ ఇళ్ళకు రెండు కిలోమీటర్లలో ఒక నిధి ఉన్నది, స్వెట్టర్లు వేసుకొని రండి" అన్నాడు. ఆ ముగ్గురిలో ఒకరు ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో భూగోళం చెప్పే మాస్టారు. ఒకరు మందుల దుకాణం యజమాని. మోకాళ్ళ నొప్పులకు లోకమంతటికీ మాత్రలిచ్చి, తన మోకాళ్ళను మాత్రం తిట్టుకుంటూ తిరిగే మనిషి. మూడవ ఆమె బ్యాంకు అధికారిణి. ఆమె వెంట పన్నెండేళ్ళ కొడుకు కూడా బయలుదేరాడు.

నిధి అన్నమాట సగం అబద్ధం. ఆ ఆట పేరు జియోకాషింగ్. పుట్టిన తేదీతో సహా చరిత్ర తెలిసిన ఆటలు లోకంలో బహు తక్కువ. ఇది వాటిలో ఒకటి. భూమికి 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాల సంకేతాలను అందుకొని, మనమున్న చోటును లెక్కకట్టే విధానం జి.పి.ఎస్. అది సైన్యం కోసం ఏర్పడినది. సామాన్యులకు అందే సంకేతంలో బుద్ధిపూర్వకంగా కొంత తప్పు కలిపి పంపేవారు. అందువల్ల వంద మీటర్ల వరకు తేడా వచ్చేది. 2000 మే 1వ తేదీన అధ్యక్షుడు క్లింటన్ ఆ కల్తీని ఆపివేయిస్తున్నట్లు ప్రకటించాడు. ఒక్క రాత్రిలో సాధనాలన్నింటికీ శుక్లాలు తీసినట్లయింది. మే 3న, ఆరెగాన్‌లోని పోర్ట్‌లాండ్ నగర సమీపాన బీవర్‌క్రీక్ అనేచోట, డేవ్ అల్మర్ అనే ఆయన ఒక నల్లని ప్లాస్టిక్ బకెట్టును అడవిలో సగం పాతి, దాని అక్షాంశ రేఖాంశాలను ఇంటర్నెట్టులో ప్రకటించాడు. అందులో ఒక నోటుపుస్తకం, పెన్సిలు, కొన్ని చిల్లర వస్తువులు, ఒక గింజల డబ్బా ఉన్నవి. ఏదైనా తీసుకుంటే బదులు ఏదైనా పెట్టి, పుస్తకంలో పేరు వ్రాసి పొమ్మన్నాడు. మూడు రోజులలో మైక్ టీగ్ అనే ఆయన దానిని కనుగొన్నాడు. నేడు ప్రపంచంలో అటువంటి డబ్బాలు 30 లక్షలకు పైగా ఉన్నవి. మన దేశంలో చాలా తక్కువ. జంతువులు వాసనపట్టి పాడుచేస్తాయని, ఇప్పుడు డబ్బాలలో తినుబండారాలు పెట్టరాదని నియమం. ఆ మొదటి గింజల డబ్బాను మాత్రం ఆటగాళ్ళు తరువాత భక్తితో దాచుకున్నారు.

దాచి వెదికించే సరదా ఇంకా పాతది. ఇంగ్లాండులోని డార్ట్‌మూర్ బీడులలో, క్రాన్మియర్ పూల్ అనే మారుమూల చోట, జేమ్స్ పెరట్ అనే దారిచూపరి 1854లో ఒక సీసాను ఉంచాడు. అంతదూరం నడవగలిగినవారు తమ పేరున్న చీటీని అందులో వేసి పోయేవారు.

ఈ ఆటను మొదట 'స్టాష్' వేట అనేవారు. ఆ మాటకు మత్తుమందుల వాసన ఉన్నదని నెల తిరగకుండానే 'కాష్' అని మార్చారు. పూర్వం అన్వేషకులు తిరుగు ప్రయాణానికి దారిలో దాచుకొనే సామగ్రికి ఆ పేరు. తెలుగులో దానిని ఏమనాలన్నది చిక్కే. నిక్షేపమంటే మాట బరువెక్కుతుంది. దాపరికమంటే నేరమనిపిస్తుంది. లంకెబిందెలంటే పోలీసులు వస్తారు. ఇది వేళాకోళం కాదు. పాత గుళ్ళ చుట్టూ అర్ధరాత్రి నిమ్మకాయలు పెట్టి తవ్వేవారి సంగతి పత్రికలు చదివే వారందరికీ తెలిసినదే. భూమిలో దాగిన పది రూపాయల విలువ మించిన ఏ వస్తువు దొరికినా కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. ఈ ఆటలో, మొదటి బకెట్టు ఎలా ఉన్నా, నేడు తవ్వడమే నిషిద్ధం. కాని ఆ సంగతి గుట్టమీది వాళ్ళకు ఎలా తెలుస్తుంది?

ఏడు గంటలకు వాళ్ళు ఎక్కడం మొదలుపెట్టారు. మంచు ఇంకా విడలేదు. సీతాఫలం పొదలు ఆకు రాల్చి కంపలుగా నిలిచి ఉన్నవి. రేగుచెట్ల కింద పండ్లు రాలి, మట్టిలో ఎర్రని పూసలవలె పడి ఉన్నవి. ఒకదానిపై ఒకటి ఎవరో పేర్చిపెట్టినట్లున్న బండలను చూచి, ఇవి ఇక్కడికి ఎలా వచ్చాయని కుర్రవాడు అడిగాడు. రాలేదు, మిగిలాయి అన్నాడు మాస్టారు. 250 కోట్ల సంవత్సరాల నాటి ఆ నల్లరాయి పగుళ్ళలోకి నీరు దిగి, మెత్తబడిన భాగం కొట్టుకొనిపోగా, గట్టిగా ఉన్న గుండ్లు మాత్రం ఉన్నచోటనే నిలిచినవి.

ఇంజనీరు ఫోనులోని అంకెలను కుర్రవాడికి చదివి వినిపించాడు. డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యోవంతులు. అక్షాంశంలో నిమిషమంటే సుమారు 1.85 కిలోమీటర్లు, వెయ్యోవంతంటే రెండు మీటర్ల లోపు. ఒక మనిషి పడుకొనేంత చోటు. ఇక్కడ మాస్టారును ఆపడం ఎవరి తరమూ కాలేదు. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసు వద్ద ఏడున్నర మైళ్ళ మొదటి గీతను గొలుసుతో కొలవడానికి 57 రోజులు పట్టిందనీ, అర టన్ను థియొడొలైటును మోయించుకుంటూ ఈ దేశాన్ని కొలుస్తూ వచ్చాడనీ, 1818లో ఎవరెస్టు వచ్చి ఆయనతో చేరినది ఈ హైదరాబాదులోనే అనీ, బండ బండకూ ఆగి చెప్పాడు. మందుల దుకాణం యజమానికి ఆ చరిత్ర ఎంతో నచ్చింది. ఆగిన ప్రతిసారీ కూర్చోవచ్చును గదా!

ఫోను దారి చూపినంతసేపు బాగానే ఉన్నది. చివరి పదిహేను మీటర్లలో దాని బుద్ధి చెడింది. ఒకసారి డబ్బా కాళ్ళకిందనే ఉన్నదన్నది. రెండడుగులు వేయగానే అవతలి బండ వెనుక పన్నెండు మీటర్లన్నది. సంకేతం నేరుగా రాక, రాళ్ళకు తగిలి మళ్ళి వస్తే దూరం ఎక్కువగా లెక్కకు వస్తుంది. అక్కడినుండి పని మనిషి కళ్ళదీ చేతులదీ. నలుగురూ వంగి, సందులు తొంగిచూచి, ఆకులు ఒత్తిగించి, ముప్పావు గంట వెదికారు. ఏమీ లేదు.

"ఏం దేవులాడుతున్నరు బిడ్డా? ఆడ బిందెలు గిట్ట ఏం లేవు."

భుజాన గొంగడి వేసుకొన్న ముసలాయన పై బండమీద నిలబడి ఉన్నాడు. చుట్టూ పది పన్నెండు మేకలు.

"మేము తవ్వడానికి రాలేదు పెద్దయ్యా. ఇక్కడ ఎవరో పెట్టిన డబ్బా ఒకటి వెదుకుతున్నాం" అన్నాడు ఇంజనీరు.

"డబ్బనా? పచ్చ మూతదేనా? ముందుగాల అడగొద్దా! వానకు కొట్కపోతదని నేనే తీసి పైన పెట్టిన. ఎవలో మొక్కుకొని పెట్టుకున్నరనుకున్న. ఒకల మొక్కు పారేస్తమా?"

కర్రతో ఆయన చూపిన చోట, రెండు గుండ్ల నడుమ, ఒక చిన్న రాయి అడ్డంగా ఉన్నది. కుర్రవాడు ఒక్క దుముకులో అక్కడికి చేరి రాయి తొలగించి, లోపలికి చెయ్యి చాచాడు.

"ముట్టుకోకు!"

తల్లి వేసిన ఆ కేకకు మేకలు కూడా తలెత్తాయి. కుర్రవాడు చెయ్యి వెనక్కు తీసుకున్నాడు. స్నేహితులు ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు. వారికి ఆ కేక ఎక్కడినుండి వచ్చిందో తెలుసు. 2007 ఆగస్టు 25 సాయంత్రం ఈ నగరంలో రెండుచోట్ల బాంబులు పేలి నలభై మందికి పైగా మరణించారు. ఆ సాయంత్రం ఆమె తమ్ముడు కోఠీలో, పేలుడు జరిగిన చాట్ దుకాణానికి ఎదుటి వైపున బస్సు కోసం నిలబడి ఉన్నాడు. ప్రాణానికి ముప్పు తప్పింది గాని, ఒక చెవి వినికిడి శాశ్వతంగా పోయింది. నాటినుండి ఆమె బస్సులో సీటుకింద చూడనిదే కూర్చోదు. సినిమా హాలులో కొడుకు చేత కూడా ఆ పని చేయిస్తుంది. తెలియని వస్తువులను తాకరాదని స్టేషన్లలో మైకు చెప్పే మాటను ఈ తరం నగరవాసులు పిల్లలకు ఎక్కాలతోపాటు నేర్పుతున్నారు. అటువంటి చోట, అపరిచితుడు దాచిన డబ్బాను సంతోషంగా తెరిచి చూడమనడం చిన్న కోరిక కాదు. ఇతర దేశాలలోనైనా అంతే. 2011లో ఇంగ్లాండులోని వెదర్‌బీ పట్టణంలో ఈ ఆట డబ్బానే ఒకదానిని బాంబు అనుకొని నిపుణులను రప్పించి పేల్చివేశారు.

ఆమె ముసలాయన వైపు తిరిగింది.

"ఎవరు పెట్టారో తెలియని డబ్బాను చేతులతో ఎలా మోశావు పెద్దయ్యా? భయం వేయలేదా?"

"ఏం భయం బిడ్డా? మూడేండ్ల సంది చూస్తున్న. ఎవలో ఒకలొస్తరు, తీస్తరు, నవ్వుకుంటరు, మల్ల ఆడనే పెట్టి పోతరు. పాడుపని చేసెటోడు మల్ల మల్ల వస్తడా?"

"తెరిచి చూచావా?"

"మనది కానిది ఇప్పుడెందుకు?"

ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత కొడుకును పక్కకు జరిపి, తానే చెయ్యి పెట్టింది.

పచ్చని మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా అది. మామూలుగా ఇళ్ళలో పప్పు పోసుకొనేటటువంటిది. మూతమీద ఇంగ్లీషులో ఏదో వ్రాసిన కాగితం ఉన్నది గాని, వానకు అక్షరాలు కరిగిపోయినవి. లోపల ఒక గాజు గోలీ, ఏ దేశానిదో ఒక చిన్న నాణెం, తాళం లేని తాళపుగొలుసు, ప్లాస్టిక్ సంచిలో చిన్న పుస్తకం. మూడేళ్ళలో పదకొండు పేర్లు. కుర్రవాడు గోలీ తీసుకొని జేబులోని బొంగరాన్ని పెట్టాడు. తీసుకొన్న దానికి తక్కువకాని వస్తువు పెట్టాలన్నది నియమం; గోలీకి బొంగరం ఎక్కువే.

అందరూ పేర్లు వ్రాశాక, ఈ డబ్బాను నిలబెట్టిన మనిషి పేరు లేకపోతే ఎలా అన్నాడు మాస్టారు. ముసలాయనకు వ్రాత రాదు. వేలిముద్ర వేయించడంలో అక్కడ ఒకరికి వృత్తిరీత్యా అనుభవమున్నది. బ్యాంకు అధికారిణి కలం సిరాను ఆయన బొటనవేలికి పూసి, ఎడమచేతిదే కావాలని పట్టుబట్టి మరీ, ఆయన పేరుకు ఎదురుగా అద్దించింది.

ఆ తరువాత ఆమె చేసిన పనికి అరగంట పట్టింది. డబ్బా మీద ఇది ఆట వస్తువని స్పష్టంగా వ్రాసి ఉంచాలన్నది ఈ ఆటలో ముఖ్యమైన సూచన. పెట్టినవారు దానిని పాటించారు; కాని ఈ గుట్టమీద మేకలు కాచేవారు, కట్టెలకు వచ్చేవారు, దర్గాకు పోయేవారు ఇంగ్లీషు చదువరు గదా! ఆమె కొత్త కాగితం మీద పెద్ద అక్షరాలతో తెలుగులో వ్రాసింది: ఇది ఆట డబ్బా, ప్రమాదం లేదు, చూచి మళ్ళీ ఇక్కడే పెట్టండి. దానికిందనే ఉర్దూలో వ్రాయడం మందుల దుకాణం యజమానికి అప్పగించింది. కాగితాన్ని మూత లోపలి వైపున, బయటికి కనిపించేటట్లు, కుర్రవాడు అంటించాడు.

ఇక డబ్బాను ఎక్కడ పెట్టాలన్న తగవు వచ్చింది. ప్రకటించిన చోటనే ఉండాలి, మనకు మార్చే అధికారం లేదన్నాడు ఇంజనీరు. ఆడ నీళ్ళు నిలుస్తయన్నాడు ముసలాయన. ఉపగ్రహాలకు ఆ సంగతి తెలియదు. చివరకు పైసందులోనే ఉంచి, పెట్టినవారికి కొత్త అంకెలు వ్రాసి పంపడానికి నిర్ణయమైంది. అంకెలు నిలకడకు వచ్చేవరకు ఇంజనీరు ఫోనును బండమీద పెట్టి పది నిమిషాలు కదలకుండా కూర్చున్నాడు. మిగిలినవారు రేగుపండ్లు ఏరుకొని తిన్నారు. పాత అంకెకు కొత్త అంకెకు అక్షాంశంలో తేడా వెయ్యోవంతులు ఏడు. పదమూడు మీటర్లు!

అడ్డరాయిని ముసలాయనే పెట్టాడు. మీకు పెట్టరాదని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఎండ పైకెక్కింది, స్వెట్టర్లు నడుములకు చేరాయి. గుట్ట అవతలి వైపునుండి సులువుగా దిగవచ్చునేమో చూద్దామని మాస్టారు రెండడుగులు అటు వేశాడు.

"అటు పోకుండ్రి సారూ, పన్నెండు గొట్టంగనె ఆడ బండలు పేలుస్తరు. ఐతారం లేదు, సోమారం లేదు. నిరుడు ఆ చెట్టు దాంక ఉండె ఈ గుట్ట" అని కర్రతో గాలిలో చూపించాడు ముసలాయన. వాళ్ళు చూచారు. అక్కడ చెట్టూ లేదు, బండా లేదు. ఎర్రని మట్టి గొయ్యి, అందులో ఒక లారీ. కుర్రవాడు డబ్బా ఉన్న సందువైపు ఒకసారి తిరిగి చూచి, ఇక్కడినుండి అక్కడికి ఎన్ని మీటర్లని ఇంజనీరును అడిగాడు. ఇంజనీరు ఫోను తీశాడు.