పెదనాన్న అడిగిన ప్రశ్న

మా పర్చూరు వైపు ఇద్దరు పెద్దవాళ్లు కలిస్తే పత్తి ధర, మిర్చి ధర అయ్యాక మూడోమాట 'నీకెన్ని స్టంట్లు పడ్డాయి?' అన్నదే. ఒకప్పుడు డబ్బు లేక ఆగిపోయేవాళ్లు. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. 2016లో గుంటూరు పెద్దాసుపత్రిలో గుండెమార్పిడే చేశారు. 2017లో స్టెంట్ల ధరకు కేంద్రం కళ్లెం వేసింది. మంచిదే. కాకపోతే ఇప్పుడు 'వద్దన్నాం' అంటే ఊరంతా పిల్లల్నే తప్పుపడుతుంది.

మా పెదనాన్నకి ఎనభై రెండేళ్లు. నిరుడు పత్తి తీతలప్పుడు గట్టెక్కుతుంటే ఛాతీ పట్టేస్తోందన్నారు. కాసేపు కూర్చుంటే తగ్గేది. గుంటూరులో యాంజియోగ్రామ్ తీస్తే రెండు బ్లాకులు! ఇక ఇంట్లో ఫోన్లే ఫోన్లు. 'డబ్బు సంగతి నేను చూసుకుంటా, రేపే వేయించండి' అని అమెరికా నుంచి అన్నయ్య. 'ఈ వయసులో ఎందుకురా' అని హైదరాబాద్ అక్క.

పెదనాన్న మాత్రం నేరుగా డాక్టర్నే అడిగారు. "ఇది వేయించుకుంటే ఎక్కువ రోజులు బతుకుతానా, లేక ఆయాసపడకుండా నడుస్తానా?"

రెండూ ఒకటేననుకుంటాం మనం. కాదట. ఇలా నిలకడగా ఉన్న నొప్పి మీద మనదేశం సహా 37 దేశాల్లో అయిదువేల మందికి పైగా రోగుల్ని పరిశీలించారు. ఆ ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. ముందే స్టెంటో బైపాసో చేసినవాళ్లకీ, మందులతో మొదలుపెట్టినవాళ్లకీ మరణాల్లో చెప్పుకోదగ్గ తేడా లేదు. తరచూ నొప్పి వచ్చేవాళ్లకి మాత్రం స్టెంటుతో సుఖం ఎక్కువ. వాళ్లలో చాలామంది పెదనాన్న కంటే చిన్నవాళ్లేననుకోండి!

ఇటు నష్టం లెక్కా ఉంది. మోకాళ్లకని ఏళ్ల తరబడి మింగిన నొప్పిమాత్రలతో ఆయన కిడ్నీలు అప్పటికే నీరసించాయి. స్టెంటు వేసేటప్పుడు ఎక్కించే రంగుమందు వాటికి మరో బరువు. ఆ తర్వాత నెలల తరబడి రక్తం పలచబడే మందులు రెండేసి వాడాలి. గట్టు మీద జారిపడితే?

గుండెపోటే వస్తే లెక్క వేరు. మా మేనత్తకి డెబ్భైతొమ్మిదో ఏట అర్ధరాత్రి చెమటలు పట్టి నొప్పి. రక్తనాళం పూర్తిగా మూసుకుపోయింది. వెంటనే తెరిచారు కాబట్టే దక్కింది. అన్ని పోట్లూ ఒకటి కావు. చిన్నపోటు వచ్చిన డెబ్భై అయిదు దాటినవాళ్లు 1,518 మందిని బ్రిటన్‌లో నాలుగేళ్లకు పైగా గమనించి 2024లో చెప్పిందేమంటే- స్టెంటుదారి పట్టినా గుండెజబ్బు మరణాలు తగ్గలేదు, మళ్లీ పోటు రావడం మాత్రం కొంత తగ్గింది. ప్రక్రియ వల్ల ఇబ్బంది నూటికి ఒకరి కంటే తక్కువ మందికే. అంటే, భయపడి పారిపోవాల్సిన పనీ కాదు, పరుగెత్తి చేయించుకోవాల్సిన పనీ కాదు.

పెదనాన్న మందులే ఎంచుకున్నారు. అన్నయ్య నెలరోజులు ముభావంగా ఉన్నాడు. డాక్టరు ఒక్క షరతు పెట్టారు. కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, నాలుక కింద మాత్రకి తగ్గకపోయినా ఆలస్యం చేయొద్దని. అప్పుడిక ఎవరికీ ఫోన్లు చేసి సలహాలడిగేది లేదనీ, ముందు కారు గుంటూరు దారి పట్టాల్సిందేననీ పెద్దమ్మ అందరికీ చెప్పేసింది, అమెరికాకి కూడా.