పెట్టెలు త్రోయు ఆట

ఈ సంవత్సరము తల్లిదండ్రుల సభనాడు ఒక పెద్దమనిషి లేచి, "అయ్యా, మా పిల్లవాడు కంప్యూటరు గదిలో పెట్టెలు త్రోయుచున్నాడట. దీనికి మార్కులెన్ని?" అని యడిగిరి. సభలో నందరును నవ్విరి. మార్కులు లేవని చెప్పి యప్పటికి కూర్చుంటిని గాని, ఆ ప్రశ్నకు విపులముగా బదులు చెప్పుట యుక్తమని తోచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఆ ఆట పేరు సోకోబాన్. జపాను భాషలో నీ మాటకు గిడ్డంగి కాపరి యని యర్థము. హిరోయుకి ఇమాబయాషి యను నతడు 1981లో దీనిని కల్పింపగా, తకరజుకా పట్టణమునందలి థింకింగ్ రాబిట్ అను సంస్థ 1982లో ప్రకటించెను. దీనిని జూచి పుట్టిన ఆటలు తరువాత నెన్నియో వచ్చినవి. ఇందు తుపాకులు లేవు, నెత్తురు లేదు, పందెము లేదు. గోడలతో గూడిన యొక గిడ్డంగి, అందు కొన్ని పెట్టెలు, పెట్టెలెన్నియో అన్ని గుర్తు పెట్టిన గళ్లు, ఒక్క కాపరి. పెట్టెలన్నియు గుర్తులమీదికి చేరవలెను. అంతియే.

కాపరి పెట్టెను త్రోయగలడు, లాగలేడు. త్రోయుటయు ఒకసారి కొక్కదానినే. దాని యెదుట మరియొక పెట్టె గాని గోడ గాని యున్నచో నది కదలదు. చూచుటకు పసిపిల్లల ఆటవలెనే యుండును. ఏడవ తరగతి కుర్రవాడొకడు మీటలను టకటక నొక్కి, అర నిమిషములో నొక పెట్టెను మూలకు చేర్చి, "ఇది రాదేమి మాస్టారూ?" అని దిక్కులు చూచెను. మూల చేరిన పెట్టె మరి రాదు. గోడ ప్రక్కకు చేరినది గోడవెంబడి జరుగును గాని దానిని విడిచి రాదు. ఆ వెంబడి గుర్తు లేనిచో నదియు చెడినదే. నాలుగు పెట్టెలు చదరముగా నానుకొన్నచో నాలుగును బిగిసిపోవును. చిత్రమేమనగా, ఆట చెడినదని సాధారణముగా యంత్రము చెప్పదు. ఆడువాడు మరి నూరడుగులు నడిచి, మిగిలినవాటిని చక్కగా సర్ది, చిట్టచివరి పెట్టెయొద్ద గాని తాను పావుగంట క్రిందటనే ఓడిపోయిన సంగతి తెలిసికొనడు.

మా తరగతిలో నలుబదిమంది, కంప్యూటరులు ఆరు. కాబట్టి తక్కినవారికొరకు వరండా గచ్చుమీద సుద్దతో గళ్లు గీసి, చింతగింజలను పెట్టెలుగాను, గులకరాతిని కాపరిగాను పెట్టితిమి. పులిజూదమెరిగిన పిల్లలు గనుక వెంటనే కూర్చుండిరి. ఎదుట ఆడువాడు లేకపోవుటయే వారికి వింత.

తగవు వచ్చినది ఇక్కడనే. యంత్రమునందు చేసిన యడుగును వెనుకకు తీసికొను మీట యొకటి గలదు. గచ్చుమీద నట్టిది లేదు. పది యడుగుల క్రిందట నే గింజ యెచ్చట నుండెనో తలలో నుంచుకొనవలెను. కాబట్టి గచ్చువారు గదివారిని దొంగలనిరి. గదివారు గచ్చువారిని కుళ్లుబోతులనిరి. తీర్పు నాయొద్దకు వచ్చెను. ఆ మీట దోషము కాదనియే నా యభిప్రాయము. పలకమీద తుడిచి మరల వ్రాయనివారెవరు? కాని యొక్క షరతు పెట్టితిని. మీట నొక్కుటకు ముందు, ఏ త్రోపువలన ఆట చెడెనో నోటితో చెప్పవలెను. ఇది వారికి ఆటకంటె కష్టమాయెను. అనేకులు చివరి త్రోపునే నిందించిరి. చెరుపు ముప్పది త్రోపుల వెనుక నున్నది! దానిని వెదకుట కలవాటుపడినకొలది మీటయొద్దకు వారి వ్రేలు పోవుట తగ్గినది.

లెక్కలలో వెనుకబడిన బాలిక యొకతె వేరొక త్రోవ పట్టెను. గింజలను ముందుగా గుర్తులమీదనే పెట్టి, అచ్చటినుండి ఒక్కొక్కదానినే మొదటి తావులకు వెనుకకు లాగుచు వచ్చెను. "లాగరాదు గదా?" అంటిని. "ఆడేటప్పుడు లాగను మాస్టారూ, ఆలోచించేటప్పుడే" అనెను. ఈ యాటను సాధించు కంప్యూటరు ప్రోగ్రాములను వ్రాయువారును ఈ పద్ధతి నవలంబించుట కలదు; ఆమెకు దీని నెవరును చెప్పలేదు. ఖాళీ కాగితము నిచ్చివేయు ఆ పిల్ల యిప్పుడు రేఖాగణితమున సాధింపవలసినదానిని కాగితపు టడుగున ముందుగా వ్రాసికొని, పైకి ప్రాకుచున్నది. మార్కులు పెరిగెనా యందురేమో. రెండు పెరిగినవి. అవి యాటవలననే యని నేను చెప్పజాలను.

మరియొక సాయంత్రము, బియ్యపు మిల్లులో హమాలీగా పనిచేయు తండ్రి యొకరు కుమారుని కొరకు వచ్చి, వరండాలో నిలిచి కొంతసేపు చూచిరి. పిల్లలు దగ్గరి గుర్తును నింపి సంతోషించుచుండగా ఆయన, "ముందు లోపలి వరుస నింపాలండీ. గుమ్మం దగ్గర పెట్టేస్తే లోపలికి పోయేదెట్టా?" అనెను. బస్తాలు మోసినవానికి ఆ గళ్లు చూడగనే దారి కనబడినది.

యంత్రములకు మాత్ర మది సులభము గాలేదు. కెనడా దేశములో ఆల్బర్టా విశ్వవిద్యాలయమునకు చెందిన జోసెఫ్ కల్బర్సన్ 1997లో ఈ యాట గణనశాస్త్రమున మిక్కిలి కఠినములైన సమస్యల తరగతికి చెందినదని నిరూపించెను. అనగా, పటమెంత పెద్దదైనను త్వరగా సాధించు సూత్రము దొరకునని పండితులు నమ్మరు. ఆటగాండ్రలో ప్రసిద్ధమైన 90 పటముల సంపుటి యొకటి గలదు. అందు మొదటి పటమున 6 పెట్టెలే. అయినను కనీసము 97 త్రోపులు కావలెను. అదే విశ్వవిద్యాలయమున ఆండ్రియాస్ యుంఘాన్స్, జొనాథన్ షేఫర్ అనువారు 1990ల చివర నిర్మించిన ప్రోగ్రాము ఈ 90లో మూడింట రెండు వంతులనైనను సాధింపలేకపోయెను. ఇటీవలి ప్రోగ్రాములు అంతకంటె మిన్న.

ఆ హమాలీగారి కుమారుడు సెలవులలో తానే యొక పటమును గీసి తెచ్చియిచ్చెను. నాలుగే పెట్టెలు, గుమ్మ మొక్కటే, లోపలి వరుస మిక్కిలి యిరుకు. అది నా బల్లమీద చింతగింజలతో సహా పరచియున్నది. మూడు చేరినవి. నాలుగవది గోడ నంటియున్నది. అది యెప్పుడంటెనో వెదకుచున్నాను. వాడు ప్రతిదినము గుమ్మములోనుండి తొంగిచూచి, ఏమియు చెప్పక వెళ్లుచున్నాడు.