పాటలో మాటేదీ?

కారులో పాట పెడితే పక్కన నడిచిపోయేవాడి గుండె కూడా దడదడలాడాలి! మన కుర్రకారు లెక్క ఇదీ. కొత్త కారు తాళం చేతికొచ్చిన సాయంత్రమే ఈక్వలైజర్ తెరుస్తారు. బాస్ పైకి, ట్రెబుల్ పైకి, మధ్యలోవన్నీ కిందికి. తెరమీద గీత అచ్చం నవ్వుతున్న నోరులా వంపు తిరుగుతుంది. నవ్వేది ఆ గీత ఒక్కటే లెండి. పాడేవాడి గతి అడిగే నాథుడుండడు.

పాడేవాడు ఉండేది ఆ మధ్యలోనే మరి! మనిషి చెవికి సుమారు 20 హెర్ట్జ్ నుంచి 20 వేల హెర్ట్జ్ దాకా వినబడుతుందంటారు. డ్రమ్ము దరువు, బాస్ గిటారు అడుగున 60, 100 దగ్గర తిరుగుతుంటాయి. తాళాల చిలచిల 10 వేలు దాటి వుంటుంది. గొంతులోని నిండుదనం కొన్ని వందల దగ్గర, మాట స్పష్టత 2 వేల నుంచి 4 వేల ప్రాంతంలో. అచ్చులు కాస్త కింద పలుకుతాయి. 'త' ఏదో 'ప' ఏదో చెప్పే హల్లుల సంగతంతా పైన తేలుతుంది. ఆ చోటు కోసేస్తే రాగం మిగులుతుంది, సాహిత్యం ఎగిరిపోతుంది. కవిగారు రాత్రంతా కూర్చుని రాసిందెందుకు? మనం 'ఊఁ ఊఁ' అనుకోవడానికా?

ఈమధ్య మా మేనల్లుడి కారులో బెజవాడ నుంచి హైదరాబాదు బయల్దేరాం. వెనకసీట్లో మా నాన్న. వయసు ఎనభై దాటింది. ఘంటసాల పాటలు ఆయనకి పల్లవి నుంచి చివరి చరణం దాకా కంఠతా వచ్చు. తాతయ్య కోసమని మావాడు 'మాయాబజార్' పాటలే పెట్టాడు. కాసేపటికి నాన్న ముందుకు వంగి, "వీడెవడ్రా, మాటలు మింగేస్తున్నాడు?" అన్నాడు.

ఘంటసాల మాట మింగడమా! నా గుండె కలుక్కుమంది. ఆ తర్వాత సూర్యాపేట దాకా ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడంతే. పెదవి కదపలేదు.

తప్పు ఆయన చెవిది మాత్రమే కాదు. వయసు మీదపడితే ముందు పోయేది పైస్థాయి ధ్వనులే. హల్లులు సగం అక్కడే జారిపోతాయి. మిగిలిన సగం మావాడి నవ్వుగీత మింగింది. పైగా 'మాయాబజార్' 1957 నాటి మోనో రికార్డింగు. అంత అడుగున, అంత పైన అందులో వున్న సంగీతమే బహు తక్కువ. లేనిదాన్ని పెంచితే ఏం వస్తుంది? కింద గుమగుమ, పైన బుసబుస!

టీ కోసం ఆగినప్పుడు ఇంజను ఆపించి పనిలోకి దిగాను. ముందు ఫోనులో ఈక్వలైజర్ ఆపాను. కారుదొకటి, ఫోనుదొకటి, రెండూ కలిస్తే పాటకి రెండుసార్లు మసాలా వేసినట్టే. తర్వాత అన్ని మీటలూ సున్నాకి. ఇక్కడే మావాడు, "మామయ్యా, చప్పగా వుంది!" అన్నాడు. "పావుగంట ఓర్చుకోరా, చెవికి పథ్యం అలవాటు కావాలి" అన్నాను.

పెంచడం కాదు, తగ్గించడంతో మొదలుపెట్టాలి సుమా. 3 డెసిబెల్స్ పెంచితే ఆంప్లిఫైయర్ రెట్టింపు శక్తి ఇవ్వాలి. 6 అయితే నాలుగు రెట్లు. 10 అయితే పది రెట్లు. ఎక్కడినుంచి తెస్తుంది? శక్తి చాలక పాట గరగరమంటుంది, మనం స్పీకర్‌ని తిడతాం. అందుకని 250 దగ్గర గుమ్ముమంటున్న మీటని 3 గీతలు దించాను. 3 వేల దగ్గర 2 గీతలు, అంతే, ఎత్తాను. ధ్వని కాస్త వెనకసీటు వైపు జరిపాను. రోడ్డెక్కాక టైర్ల రొద అడుగు ధ్వనుల్ని కప్పేస్తుంది కనుక 60 దగ్గర ఒక్క గీత ఎక్కువుంచాను. ఆగివున్న కారులో కుదిరిన శ్రుతి పరుగెత్తే కారులో అలాగే వుండదు.

నకిరేకల్ దాటాక వెనకనుంచి సన్నగా గొంతు వినబడింది. నాన్న పాడుతున్నాడు! ఘంటసాల కంటే అర మాత్ర ముందే మాట అందుకుంటూ. అద్దంలోంచి చూసి మావాడు వాల్యూం తగ్గించబోయాడు. వద్దని సైగ చేశాను.

మావాడు పూర్తిగా ఒప్పుకున్నాడని కాదు. డాన్సు పాటకి ఇది పనికిరాదన్నాడు. నిజమే, ఆ పాటలు చేసిందే అదరడానికి. అయితే 'గీతాంజలి' (1989) పాటలు పెట్టి విన్నప్పుడు వాడే ఆగిపోయాడు. ఇళయరాజాగారి బాస్ గిటారు ఊరికే దరువు కొట్టదు, అదీ ఒక వరస పాడుతుంది. అతిగా పెంచితే ఆ వరస ముద్దై 'బుం' అని ఒకటే మోత. ఇన్నాళ్లూ వాడు విన్నది ఆ మోతేనట!

ఇప్పుడు వాడి కారులో రెండు సెట్టింగులున్నాయి. ఒకటి వాడి స్నేహితులెక్కినప్పుడు. రెండోదానికి 'తాతయ్య' అని పేరు పెట్టుకున్నాడు. మొన్న ఒంటరిగా వస్తూ కూడా అదే పెట్టుకున్నాడట. ఎవరితోనూ చెప్పొద్దన్నాడు!