నూతన సంవత్సరమును వాడిపోని విశ్వాసమును



జనవరి మాసము మొదటి దినమున మన జవహర్‌నగరు వీధులును, ఉప్పలు, నాచారము వాడలును ఎట్లుండునో మనకందఱకును తెలిసినదే. వాకిళ్లలో రంగుల ముగ్గులు, వాని నడుమ క్రొత్త సంవత్సరపు అంకెలు కనబడును. క్రైస్తవుల యిండ్లమీద క్రిస్మసునకు కట్టిన కాగితపు నక్షత్రములు ఇంకను వ్రేలాడుచుండును. వారము దినములు గడచునప్పటికి ముగ్గు చెఱిగిపోవును. నక్షత్రము అటకమీదికి చేరును. ఇందు విచారింపదగినదేదియు లేదు. ముగ్గు మరల పెట్టుటకే చెఱుగును. కాని ఆ రాత్రి దేవాలయములో మనము చేసిన తీర్మానములును వానితోడనే చెఱిగిపోవుచున్న యెడల, అది మాత్రము విచారింపదగినదే.

డిసెంబరు 31వ తేదీ రాత్రి మన సంఘములన్నిటను ఆరాధన జరుగును. పండ్రెండు గంటలు కాగానే ఒకరికొకరు శుభము చెప్పుకొందురు. పిమ్మట అనేక సంఘములలో వాగ్దాన చీటీలు గల పళ్లెము త్రిప్పుదురు. ఒక్కొక్కరును ఒక్కొక్క చీటి తీసికొని, అందలి వాక్యమును ఆ సంవత్సరమునకు తమ పాలిటి వాక్యముగా నెంచి, బైబిలులోనో బీరువా తలుపుమీదనో భద్రపఱచుకొందురు. ఇది మంచి యాచారమే. దేవుని వాక్యము ఏ రూపమున మన యింటికి వచ్చినను మేలే. అయితే ఫిబ్రవరి మాసమునకు ఆ చీటిలోని మాట మనలో నెందఱికి జ్ఞాపకముండును? జనవరి మొదటి దినమున అంత పచ్చగా నున్న విశ్వాసము కొన్ని వారములకే యేల వాడిపోవును? ఈ ప్రశ్నను గూర్చియే నాకు తోచిన రెండు మాటలు చెప్పగోరుచున్నాను.

మా యింటి సంగతి యొకటి చెప్పుటకు చదువరులు సెలవిత్తురు గాక. 2021వ సంవత్సరారంభమున మా తల్లిగారి చేతికి వచ్చిన చీటిలో దీర్ఘాయువును గూర్చిన వాగ్దానముండెను. ఆమె దానిని మా తండ్రిగారి కొఱకని యెంచి, ఆయన బైబిలులోనే యుంచెను. మా తండ్రిగారు నాచారము పారిశ్రామికవాడలోని యొక కర్మాగారమున ముప్పది యేండ్లు పనిచేసి విశ్రాంతి పొందినవారు. ఆ సంవత్సరము మే మాసమున కోవిడు వ్యాధి రెండవమాఱు దేశమెల్ల ప్రబలినప్పుడు, పదునొకండు దినములు జబ్బుపడి ఆయన ప్రభువునందు నిద్రించెను. సమాధుల తోటకు బంధువులందఱును రాలేకపోయిరి. ఆ తరువాత బైబిలు తెఱచినప్పుడెల్ల ఆ చీటి మా తల్లిగారి కంటబడుచునే యుండెను. ఆమె దానిని చింపివేయలేదు; దానిని గూర్చి మాటాడనులేదు.

మరుసటి జనవరి వచ్చెను. ఆమె యథాప్రకారము ఆరాధనకు వచ్చెను గాని, పళ్లెము తన యొద్దకు వచ్చినప్పుడు చీటి తీయక ప్రక్కవారికి అందించెను. కొందఱు ఆమె విశ్వాసము చల్లారెనని తలంచిరి. ఇంటికి వచ్చిన పిమ్మట నేను కారణమడిగితిని. అప్పుడామె, "బిడ్డా, ఎందుకిట్లాయెనో నాకు తెలియదు. వాక్యము దేవునిదే గాని, చీటి తీసినది నా చేయి. అది మీ నాయన కొఱకే యని చెప్పుకొన్నది నేను. ఈ యేడు ఆయన నాకేమి మాట యిచ్చునో యని చూడను, నేనాయనకేమి మాట యియ్యగలనో చూచుకొందును" అనెను.

ఆమె యిచ్చుకొన్న మాట మిక్కిలి చిన్నది. మా వీధి చివర నొక సోదరి అదే మే మాసమున భర్తను పోగొట్టుకొని, యిద్దఱు పిల్లలతో నుండెను. ఆమె మన మతస్థురాలు కాదు. మా తల్లిగారు ప్రతి సాయంకాలము ఒక గంటసేపు ఆ యింటికి పోయి, ఆ పిల్లలచేత ఎక్కములు చెప్పించి, చదివించి వచ్చుచుండెను. తెల్లవాఱుజామున బైబిలు చదువుటయు మానలేదు. చాల నెలలవఱకు ఆ చదువులో తనకే రుచియు తోచలేదని ఆమెయే చెప్పెను. "మఱి యేల చదివితివమ్మా?" యని నేనడుగగా, "ఉప్పు లేని కూడైనను తింటిని. తినకున్న ప్రాణము నిలువదు గదా" యనెను. ఆ కూటికి ఉప్పు ఏ దినమున మరల వచ్చెనో ఆమెకే తెలియదు. వచ్చెనని మాత్రము ఆమె ముఖము చూచిన మాకు తెలిసెను. కన్నీళ్లు పూర్తిగా ఆగిపోయినవని నేననను. ఆగకముందే ఆమె లేచి తన పనికి పోవుట నేర్చుకొనెను.

ఇది చూచిన తరువాత నాకొకటి స్పష్టమైనది. మన విశ్వాసమును తాజాగా నుంచుటకు వెలుపలినుండి క్రొత్తది యేదో రావలెనని మనము కనిపెట్టుచుందుము. క్రొత్త వాగ్దానము, క్రొత్త ప్రసంగీకుడు, క్రొత్త పాట కావలెనందుము. కాని విశ్వాసమునకు పచ్చదనము, చేసిన పనినే ప్రతిదినము మరల మనఃపూర్వకముగా చేయుటవలన కలుగును. ఇది మా తల్లిగారు కనిపెట్టిన మార్గము కాదు, చాల పురాతనమైనది. ఇశ్రాయేలీయులకు అరణ్యములో మన్నా దొరకిన వృత్తాంతము నిర్గమకాండము పదునాఱవ అధ్యాయములో నున్నది. ప్రతి యుదయమును ఎవరికి కావలసినంత వారు ఏఱుకొనవలెను. రేపటికని దాచినది పురుగుపట్టి కంపుకొట్టెను. విశ్రాంతి దినమునకు ముందుదినమున మాత్రమే రెండంతలు కూర్చుకొను సెలవుండెను. దేవుడు తలంచిన యెడల సంవత్సరమునకు సరిపడ ధాన్యము ఒక్కమాఱే యీయలేడా? ఈయగలడు. కాని అప్పుడు వారు ధాన్యపు కొట్టునే నమ్ముకొని యుందురు. నిన్నటి సాక్ష్యము నేటికి ఆహారము కానేరదు. తాతగారి భక్తి మనుమనికి గౌరవము తేవచ్చును గాని ఆకలి తీర్చదు. మూడు నాలుగు తరములుగా క్రైస్తవ కుటుంబములలో పుట్టిన మన విద్యార్థులు ఈ మాటను ముఖ్యముగా గమనింతురు గాక.

నూతన సంవత్సరమునకును విశ్వాసమునకును గల సంబంధమును తలంచినప్పుడు, మన తెలుగుదేశపు సంఘ చరిత్రలో జనవరి మొదటి తేదీన జరిగిన సంగతి యొకటి తప్పక స్మరింపదగియున్నది. అమెరికా బాప్తిస్టు మిషనువారు తెలుగువారి నడుమ 1836లో పని ప్రారంభించి, 1840లో నెల్లూరున స్థిరపడిరి. చాల సంవత్సరములు ప్రయాసపడినను ఫలము స్వల్పమే. ఈ పనిని విడిచిపెట్టుదమా యని 1853లో వారి స్వదేశపు సభలో చర్చ జరిగెను. విడువకూడదని తుదకు నిశ్చయించిరి. ఆ సంవత్సరాంతమున నెల్లూరి మిషనరీ లైమన్ జూవెట్టుగారు సువార్త ప్రయాణము చేయుచు ఒంగోలు చేరిరి. 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవాఱుజామున ఆయనయు, ఆయన భార్యయు, నరసు అను విశ్వాసియు, జూలియా, రూతు అను తెలుగు సోదరీమణులును, మొత్తము అయిదుగురు, ఒంగోలు చెంతనున్న కొండ యెక్కి, సూర్యోదయ వేళ మోకరించి, ఆ పట్టణమునకొక మిషనరీని పంపుమని ప్రార్థించిరి. ఆ కొండకు ప్రార్థన కొండ యని పేరు కలిగెను.

ఈ కథను మనము తఱచుగా కొండమీదనే ముగింతుము. నా మనస్సునకు ఎక్కువగా హత్తుకొనునది వారు కొండ దిగిన తరువాతి కథ. వారు దిగివచ్చినప్పుడు ఒంగోలు ఎక్కకముందున్నట్లే యుండెను. ఆకాశమునుండి గుఱుతేదియు రాలేదు. జూవెట్టుగారు నెల్లూరునకు మరలిపోయి తమ పూర్వపు పనినే చేసిరి. ఒక సంవత్సరము గడచెను, అయిదు గడచెను, పది గడచెను. 1862లో ఆయన ఆరోగ్యము చెడి స్వదేశమునకు పోగా, అచ్చట మిషనును మూసివేయు మాట మరల వచ్చెను. ఎవరు సహాయము చేసినను చేయకున్నను తాను తెలుగువారి యొద్దకు తిరిగి పోయెదనని ఆయన పట్టుపట్టెను. 1865లో జాన్ క్లౌ అను యువకుని వెంటబెట్టుకొని వచ్చెను. క్లౌగారు 1866 సెప్టెంబరులో ఒంగోలున కాపురము పెట్టిరి. కొండమీది ప్రార్థనకును ఈ దినమునకును నడుమ పండ్రెండేండ్లకు పైగా గడచెను. ఒంగోలు సంఘము ఎనిమిదిమంది సభ్యులతో స్థాపింపబడినదియు జనవరి 1వ తేదీనే. అది 1867వ సంవత్సరము.

తరువాత 1876 మొదలు 1878 వఱకు గొప్ప కఱవు వచ్చెను. క్లౌగారు బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ల త్రవ్వకపు పనిని గుత్తకు తీసికొని, వేలమందికి కూలి దొరకునట్లు చేసిరి. బాప్తిస్మము కోరినవారు ఆనాడు గుంపులుగా వచ్చిరి. కాని కూటి కొఱకు మతములో చేరిరను మాట రాకూడదని, సహాయపు పని ముగియువఱకు ఆయన ఎవరికిని బాప్తిస్మమీయలేదు. కఱవు తీఱిన పిమ్మట, 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఈ సంఖ్యను అందఱును చెప్పుకొందురు. దాని వెనుకనున్న రెండు నిరీక్షణలను కూడ చెప్పుకొనవలెను. ఫలము కనబడకున్నను పని మానకుండుట మొదటిది. ఫలము చేతికందినను తొందరపడకుండుట రెండవది. వాడిపోని విశ్వాసమునకు ఈ రెండును గుఱుతులే. వేకువను కొండ యెక్కిన ఆ యయిదుగురిలో జూలియా, రూతు అనువారు మన తెలుగు స్త్రీలేయని మన పాఠశాల బాలికలు జ్ఞాపకముంచుకొందురు గాక.

మన హైదరాబాదు ప్రాంతపు సంఘములకు మఱియొక స్వాస్థ్యము గలదు. ఇక్కడ పనిచేసిన వెస్లియను మిషనువారి సంఘములు 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘములో కలిసినవి. నేటి మెదకు అధ్యక్షమండలము వారి కష్టార్జితమే. ఆ మిషనుకు మూలపురుషుడైన జాన్ వెస్లీగారు 1755 ఆగస్టు 11న లండనులో నిబంధన ఆరాధనను మొదటిసారి జరిపిరి. తరువాత అది సంవత్సరారంభమున జరుపుకొను ఆచారమాయెను. ఆ యారాధనలో విశ్వాసి తన్ను తాను దేవునికి మరల అప్పగించుకొనును. సుఖమైనను కష్టమైనను దేవుని చిత్తమునకు లోబడుదునని మాట యిచ్చును. మా తల్లిగారు ఈ చరిత్ర చదివినవారు కారు. అయినను చీటి తీయక మాట యిచ్చిన ఆ రాత్రి, ఆమె వెస్లీగారి త్రోవనే నడచెనని నాకు తోచుచున్నది. వాగ్దానము పొందుట యొకటి, నిబంధన చేయుట యొకటి. మొదటిదానికి చేయి చాపిన చాలును. రెండవదానికి దినమెల్ల నడువవలెను.

విద్యార్థులారా, ఇక మనము చేయదగినదేమి? పెద్ద తీర్మానములు వలదు. సంవత్సరములో బైబిలంతయు ముగింతుమని జనవరిలో ఆదికాండమున బయలుదేరి, లేవీయకాండమున ఆగిపోవువారు మనలో ననేకులు. బైబిలులో 1,189 అధ్యాయములున్నవి. దినమునకు మూడును, ఆదివారమున అయిదును చదివిన సంవత్సరములో ముగియును. అది కష్టమనిపించినవారు నాలుగు సువార్తలతో ప్రారంభింపవచ్చును. వానిలో నున్నవి 89 అధ్యాయములే. దినమునకు ఒక్కటి చొప్పున జనవరి 1న మొదలుపెట్టినవారు మార్చి మాసాంతమునకు ముగింతురు. అటుపిమ్మట దినమునకొక కీర్తన చదివిన, 150 కీర్తనలు ఆగస్టు చివరకు ముగియును. చదివిన తరువాత ఆ దినమున ఎవరికైన నొక చిన్న మేలు చేయుడు. తరగతిలో వెనుకబడినవానికి ఒక లెక్క చెప్పుట, ఇంటిలో అమ్మమ్మకు నీళ్లందించుట చాలును. ఏ దినమైన తప్పిపోయిన యెడల, మరుసటి జనవరి వఱకు కనిపెట్టకుడు. మరుసటి యుదయముననే మరల మొదలుపెట్టుడు. మన్నా మరుసటి యుదయమున మరల నేలమీద నుండెను గదా!

తలిదండ్రులారా, మన పిల్లలు మన మాట విందురో లేదో గాని, మన దినచర్యను తప్పక చూతురు. ఉదయపు పనికి నాచారము కర్మాగారమునకు పరుగెత్తు తండ్రి, మెట్రో రైలు పట్టుకొనుటకు ఉప్పలునకు పోవు తల్లి, గడప దాటుటకు ముందు రెండు నిమిషములు తల వంచి నిలిచిన, ఆ దృశ్యము పిల్లల మనస్సులో పది ప్రసంగములకంటె లోతుగా నాటుకొనును. సహోపాధ్యాయులారా, ఉదయపు ప్రార్థన మనకు అలవాటైపోయినది. అలవాటును నిందింపనక్కరలేదు, ఆ యలవాటులో మన మనస్సును ప్రతిదినము మరల నుంచవలెను. మన పాఠశాలలో ఇతర మతస్థులైన బాలబాలికలును కలరు. ఉగాదినాడు సంవత్సరమారంభించుకొను ఇండ్లలోను, ఒక్కనాటి ఉత్సాహముకంటె నిత్యకృత్యమే గొప్పదని పెద్దలు చెప్పుదురు. ఈ మాటలో మనమందఱమును ఏకీభవింపగలము.

ఈ నూతన సంవత్సరమున మనలో కొందఱి యిండ్ల సంతోషము కలుగును, కొందఱి యిండ్ల దుఃఖమును కలుగవచ్చును. ఏది వచ్చునో ఏ చీటిలోను వ్రాసియుండదు. ఉదయమున లేచుట, వినుట, మన వంతు పనికి బయలుదేరుట మాత్రము మన చేతిలోనున్నవి. అట్టివారి విశ్వాసమును పచ్చగా నుంచువాడు దేవుడే. ఆయన కృప మీ యందఱికిని, మన పాఠశాలకును దినదినము తోడైయుండును గాక.