ఘోషా గదిలో అపరాధ పరిశోధన

అపరాధ పరిశోధన నవలలు చదివేవారికి గడియ వేసిన గది కొత్త కాదు. లోపల శవం, బయట తాళం. హంతకుడు ఎటు పోయాడన్నది సమస్య. అయితే తాళంతో పని లేని మూసిన గదులు మన దేశంలో కొన్ని వందల ఏళ్లు ఉండేవి. గుమ్మానికి ఒక తెర వేలాడుతుంటే చాలు. పోలీసు అధికారి గాని, వకీలు గాని, ఎంతటి గడుసరి డిటెక్టివ్ గాని దానిని దాటి లోపలికి పోలేడు. ఆ తెర వెనుక అన్యాయం జరిగితే పరిశోధించవలసినది ఎవరు? స్త్రీలు నాయికలుగా నడిచే చారిత్రక రహస్య నవలల మీద నాకు మక్కువ కలగడానికి మూలం ఈ ప్రశ్నే.

మా చిన్నతనంలో డిటెక్టివ్ నవల అంటే కొమ్మూరి సాంబశివరావు గారిదే. సెలవులకు ఊరు వెళ్లి జంషెడ్‌పూరు తిరిగివచ్చే తెలుగువారి సంచులలో ఊరగాయ జాడీలతోపాటు యుగంధర్ నవలలూ దిగేవి. మా సోనారిలో ఒక్క ప్రతి పది ఇళ్లు తిరిగేది. చివరి పుటలు ఊడిపోయిన ప్రతి చేతికి వస్తే, హంతకుడెవరో ముందు చదివినవారిని బతిమాలి తెలుసుకోవలసి వచ్చేది. ఆ ఉత్కంఠను తక్కువ చేసి మాట్లాడను. కాని ఆ కాలపు పుస్తకాలలో స్త్రీకి దక్కిన వేషాలు చాలావరకు మూడే: శవం కావాలి, శవం మీద పడి ఏడవాలి, లేదా పాలలో విషం కలపాలి. ప్రశ్నలు వేసేది మాత్రం మగవాడు.

ఆ వరుస తప్పిన పుస్తకాలు ఇంగ్లీషులో తరువాత దొరికాయి. అగాథా క్రిస్టీ 1944లో వెలువరించిన ‘డెత్ కమ్స్ యాజ్ ది ఎండ్’ కథ నాలుగు వేల ఏళ్లనాటి ఈజిప్టులో జరుగుతుంది. భర్త పోయి పుట్టింటికి చేరిన యువతి కళ్లతో మనం ఆ ఇంటిని చూస్తాం. ఎలిజబెత్ పీటర్స్ 1975లో సృష్టించిన అమీలియా పీబడీ తండ్రి ఆస్తి చేతికి రాగానే గొడుగు పట్టుకుని ఈజిప్టు తవ్వకాల మీద పడుతుంది. ఆ రచయిత్రి స్వయంగా ఈజిప్టు పురాతత్త్వంలో డాక్టరేటు పొందిన విదుషి. ఇవి వినోదానికి మంచివే. నన్ను కదిలించింది మాత్రం సుజాతా మాసీ 2018లో ప్రకటించిన ‘ది విడోస్ ఆఫ్ మలబార్ హిల్’.

కథాకాలం 1921, స్థలం బొంబాయి. పర్వీన్ మిస్త్రీ అనే పార్సీ యువతి తండ్రి న్యాయవాద కార్యాలయంలో పని చేస్తూ ఉంటుంది. స్త్రీ గనుక కోర్టులో నిలబడి వాదించే హక్కు లేదు. ఒక మిల్లు యజమాని మరణించగా, ఘోషాలో ఉన్న ఆయన ముగ్గురు భార్యలు తమకు రావలసినదంతా ధర్మకార్యానికి వదులుకుంటున్నట్లు ఒక ఉత్తరం వస్తుంది. దాని మీది సంతకాలు చూసి పర్వీన్‌కు అనుమానం. మగ వకీలు ఆ భార్యలను కలుసుకోలేడు, ఆమె కలుసుకోగలదు. హంతకులెవరో నేను చెప్పను. కాని ఆ నవలలో నాకు హత్యకంటె భయంకరంగా తోచింది ఆ ఉత్తరమే. చదవనిదే సంతకం చేసిన కాగితంలో ఎంత హింస ఇమిడి ఉంటుందో చాలామందికి తెలియదు.

పర్వీన్ ఊహలోంచి ఊడిపడలేదు. 1866లో పుట్టిన కోర్నీలియా సొరాబ్జీ ఆమెకు ప్రేరణ. సొరాబ్జీ ఆక్స్‌ఫర్డులో 1892లోనే న్యాయశాస్త్ర పరీక్ష ముగించినా, స్త్రీ అన్న కారణంగా పట్టా కోసం 1922 దాకా ఆగవలసి వచ్చింది. 1904లో ప్రభుత్వం ఆమెను ఘోషా స్త్రీల ఆస్తి వ్యవహారాలు చూసే కొలువులో నియమించింది. బెంగాలు, బీహారు, ఒరిస్సా, అస్సాములలోని అంతఃపురాలకు ఆమె పల్లకీలలోనూ పడవలలోనూ వెళ్లేది. ఈ సింగ్‌భూమ్ నేల కూడా అప్పుడు బెంగాలు రాష్ట్రంలోనిదే. ఇక్కడ 1912లో తొలి ఉక్కు తయారైననాటికి ఆమె ఆ కొలువులోనే ఉంది. స్త్రీలు న్యాయవాద వృత్తి చేయవచ్చునని చట్టం వచ్చింది 1923లో.

ఇక్కడ ఒక మాట. ఇటువంటి నవలలలో నాకు నచ్చని గుణం ఒకటి ఉంది. పాత చీర కట్టిన నాయిక నోట నేటి భావాలు పలికిస్తారు. నిజమైన సొరాబ్జీ అంత సులువుగా మన ఒళ్లో ఒదిగే మనిషి కాదు. ఆమె బ్రిటిషు పాలనను సమర్థించింది, గాంధీజీని వ్యతిరేకించింది. వందలాది స్త్రీలకు అండగా నిలిచిన మనిషి ఆ పక్షాన ఎందుకు నిలిచిందన్నది ఏ హత్యకూ తీసిపోని రహస్యం. నవలలోని పర్వీన్‌కు ఈ చిక్కు లేదు. ఉంటే పుస్తకం ఇంకా బాగుండేదని నా అభిప్రాయం.

ఆ ఉత్తరం నన్ను అంతగా ఎందుకు పట్టుకున్నదో చెప్పాలి. చాలా ఏళ్ల కిందట మా వీధిలో, శ్రీకాకుళం వైపునుంచి వచ్చిన ఒకామెకు భర్త పోయాడు. కర్మకాండ ముగిసిన మరునాడే ఊరినుంచి మరిది కాగితాలు పట్టుకు వచ్చాడు. శిస్తు కట్టడానికట, వేలిముద్ర వేస్తే చాలునట. ఆయన వరండాలో కూర్చున్నాడు. ఆమె లోపలినుంచి నన్ను పిలిపించి, “అమ్మా, ఇందులో ఏటి రాసుందో ముందు సదివి సెప్పు” అంది. చదివాను. భర్త వాటా భూమిలో తనకే హక్కూ లేదని రాసి ఇస్తున్న పత్రం అది. 1956 నాటి వారసత్వ చట్టం ఆమెకు హక్కు ఇచ్చింది. ఆ సంగతి ఆమెకు చెప్పిన దిక్కు లేదు. విని ఆమె ఏడవలేదు, అరవలేదు. ఇంకుప్యాడు మూత మూసి, తలుపు చాటునుంచే, “మా అన్నయ్య వొచ్చేక మాటాడతాం బాబూ, ఇయాల్టికి బోయినం సేసి యెల్లు” అంది. ఆ ఒక్క మాటతో భూమి నిలిచింది.

ఆమెకు అక్షరం రాదు. కాని ఏ ప్రశ్న ఎప్పుడు అడగాలో తెలుసు. డిటెక్టివుకు కావలసినది అంతకంటె ఏముంది?

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నాలు మా ఇంట నలుగురైదుగురు ఆడవాళ్లు చేరతారు. నేను చదివిన నవలను తెలుగులో కథగా చెబుతాను. పర్వీన్ కథ ముగిసిన రోజున ఒకామె, “మనవాళ్లలో ఇలాంటివాళ్లు లేరా?” అన్నది. మరుసటి వారం రుద్రమదేవిని చెప్పాను.

అడవి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’ చదివినవారికి ఆమె పరిచితురాలే. శాసనాలలో ఆమె పేరు రుద్రదేవ మహారాజు. మగపేరుతో, మగవేషంతో ఏలింది. మార్కోపోలో ఆమె న్యాయబుద్ధిని పొగిడాడు గాని, గణపతిదేవుని కూతురిని భార్య అనుకున్నాడు. చరిత్ర గ్రంథాలు చాలాకాలం ఆమె 1295 ప్రాంతం దాకా పాలించిందని రాశాయి. తరువాత నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక శాసనం వెలుగు చూసింది. తేదీ 1289 నవంబరు 27. పువ్వుల ముమ్మడి అనే సామాన్య భటుడు, శివసాయుజ్యం పొందిన రుద్రమదేవికి, సేనాని మల్లికార్జున నాయకునికి పుణ్యంగా భూమి దానం చేశాడు. ఇద్దరూ ఎలా పోయారో అందులో లేదు. మరుసటి ఏడు కాయస్థ అంబదేవుడు త్రిపురాంతకం శాసనంలో తన విజయాలు ఏకరువు పెట్టుకున్నాడు. ఈ రెండు రాళ్లనూ పక్కపక్కన పెట్టి, తిరుగుబాటు చేసిన అంబదేవుని మీది యుద్ధంలోనే రాణి మరణించి ఉంటుందని పండితులు ఊహిస్తున్నారు.

కథ విని అందరూ అంబదేవుడినే తిట్టారు. వెనుక గోడకు ఆనుకుని చిక్కుడుకాయల పీచు తీస్తున్న ఒక ముసలమ్మ మాత్రం చేయి ఆపి అడిగింది: “రాణీ పోయింది, సేనానీ పోయాడు. ఈ ముమ్మడి ఒక్కడూ ఎలాగ మిగిలాడు? ముందు ఆణ్ణి అడగాల.”